ఒక తోరం, ఒక మార్కు

డెహ్రాడూన్,
జూలై 6.

అత్తా,

హాస్టల్లో దిగి వారమైంది. ముందు ఫోను సంగతి చెప్పాలి. ఇక్కడ మా ఫోన్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టేశారు. ఆదివారం పొద్దున మాత్రం ఒక్క పావుగంట ఇస్తారు. ఆ పావుగంట గిలకలదిండిలో అమ్మానాన్నలకే సరిపోతుంది. అయినా నీకు ఆదివారం పొద్దున ఫోనెత్తే తీరికెక్కడిది? కంకిపాడు కంకిపాడంతా నీ చేపల బల్ల ముందే నిలబడి ఉంటుంది. అందుకని నీకు ఉత్తరాలే రాద్దామనుకున్నాను. నవ్వకు. మన పోస్టుమాన్ బసవయ్యగారికి కూడా కాస్త పని కల్పించినట్టవుతుంది.

రింకు చాలా పెద్దది. మన చేపల బజారు, దాని వెనక సైకిళ్ళ స్టాండు, రెండూ కలిపి పట్టేస్తాయి. కిందటేడు రెండు నెలల క్యాంపులో ఐసు మీద స్కేటింగు వచ్చేసిందనుకున్నాను. ఏమీ రాలేదు. ఏడేళ్ళు చక్రాల మీద తిరిగి, రాష్ట్రంలో మొదటి స్థానం తెచ్చుకున్న మనిషిని, మొదటి రోజు గోడ పట్టుకుని నడిచాను. చక్రాలు నాలుగుంటాయి, మనం కాస్త తప్పు చేసినా అవి మోస్తాయి. బ్లేడుకి రెండంచులే. ఏ అంచు మీద ఉన్నామో ఒక్క క్షణం మరిచిపోతే కింద పడ్డట్టే. మొదటి గంటలో పదకొండు సార్లు పడ్డాను.

పడ్డప్పుడల్లా నీ బజారు గుర్తొచ్చింది. బడి కోసం నీ దగ్గరే ఉండేదాన్ని కదా, పదేళ్ళప్పుడు కరిగిన ఐసు నీళ్ళలో, ఆ తడి గచ్చు మీద, ఒట్టికాళ్ళతో జారుతూ ఆడుకునేదాన్ని. "నడుం ఇరగ్గొట్టుకుంటావే, ఇటు రా!" అని నువ్వు అరుస్తూనే ఉండేదానివి. చందువాలు కొనడానికొచ్చిన జాన్‌బాబు మాస్టారు చేపల సంగతి వదిలేసి, "ఈ పిల్లని నాకివ్వమ్మా, కాళ్ళకి చక్రాలు కడతాను" అన్నారు. ఇంకెవరైనా అయితే వెళ్ళవయ్యా అనేవారు. నువ్వు ఆ సాయంత్రమే నన్ను బస్సెక్కించి విజయవాడ రింకుకి తీసుకెళ్ళావు. ఏడేళ్ళపాటు, వారానికి నాలుగు సాయంత్రాలు, బల్ల కట్టేసి నాతోనే వచ్చావు. నేను పడడం, లేవడం అన్నీ చూసినదానివి నువ్వొక్కదానివే. ఇక్కడ గ్యాలరీ వైపు చూస్తే ఖాళీ కుర్చీలు కనిపిస్తున్నాయి.

నువ్వు కట్టిన గంగమ్మ తోరం భద్రంగా ఉంది. వేట నిషేధం అయిపోయి పడవలు సముద్రంలోకి దిగిన రోజు నాన్న చేతికి కట్టినట్టే నాకూ కట్టావు కదా, పసుపు కొమ్ము కొంచెం కూడా జారలేదు.

నీ
సత్యశ్రీ

---

కంకిపాడు,
జూలై 20.

సత్యా,

బాగున్నావా అని అడగను, బాగానే ఉంటావు. తింటున్నావా లేదా, అది చెప్పు. పప్పూ రొట్టే పెడతారని మీ నాన్న అన్నాడు. చేప ముక్క లేకుండా నువ్వు వారం ఎలా బతికావో నాకర్థం కాలేదు. ఎండు నెత్తళ్ళు పంపుదామనుకున్నాను. హాస్టలు మొత్తం ఖాళీ చేయించిన పాపం మనకెందుకని ఊరుకున్నాను.

ఐసు గురించి నువ్వు నాకు చెబుతున్నావా? ముప్పై ఏళ్ళుగా దాంతోనే కాపురం చేస్తున్నాను. దిమ్మ మధ్యలో తెల్లగా పాలలా ఉంటే తొందరగా కరిగిపోతుంది. అద్దంలా ఉంటే మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. మీ రింకులో ఏ రకం వేశారో చూసి రాయి. ఐసు అంటే నాకు తెలిసి చచ్చిన చేపని చెడిపోకుండా కాపాడేది. దాని మీద బతికున్న పిల్ల డాన్సు చేస్తుందంటే బజారులో ఒక్కరూ నమ్మడం లేదు. నేను మాత్రం అందరికీ చెబుతూనే ఉన్నాను.

తోరం సంగతి జాగ్రత్త. కత్తెర పెట్టకూడదు, చేత్తో తెంపకూడదు. దానంతట అది తెగి నీళ్ళలో పడాలి. అప్పుడే గంగమ్మ తీసుకున్నట్టు. మీ నాన్న రెండు తుపానుల్లోంచి తిరిగొచ్చాడంటే ఆ తల్లి చలవే. మీ కోచ్‌ల చదువు నాకు తెలియదు, ఇది మాత్రం తెలుసు.

పడ్డానని రాశావు. చేపపిల్లకి ఈత నేర్పాలా? లే, మళ్ళీ తిరుగు.

అత్త

---

డెహ్రాడూన్,
అక్టోబరు 12.

అత్తా,

మా ఐసు అద్దం రకమే. నువ్వు అడిగావని ఐసు చదును చేసే బండి నడిపే ఆయన్ని కనుక్కున్నాను. ఆయన, "ఈ ప్రశ్న నన్ను ఇంతవరకు ఏ స్కేటరూ అడగలేదు" అన్నాడు. మా అత్త అడిగింది అన్నాను. "మీ అత్తగారు ఇంజినీరా?" అన్నాడు. అవునన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. డిసెంబరులో జాతీయ పోటీలు ఇక్కడే జరుగుతాయి. జూనియర్ అమ్మాయిల్లో మొదటి ముగ్గురిని జాతీయ క్యాంపులో ఉంచుకుంటారు. కోచింగు, హాస్టలు, ఐసు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. నాలుగో స్థానం నుంచి ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళిపోవాలి. విజయవాడలో ఐసు రింకు లేదు కనుక ఇంటికెళ్ళడమంటే నాకు ఇది మానేయడమే. ముగ్గురిలో ఉండాలంటే డబుల్ యాక్సెల్ అనే దూకుడు రావాలి. ముందుకు చూస్తూ గాలిలోకి లేచి, రెండున్నర చుట్లు తిరిగి, ఒంటికాలి మీద వెనక్కి దిగాలి. చక్రాల మీద ఎప్పుడూ రాలేదు. ఇక్కడ పదిసార్లలో రెండుసార్లు వస్తోంది. మిగతా ఎనిమిదిసార్లకి నా తుంటి ఏ రంగులో ఉందో రాయను.

కోచ్ మేడమ్‌కి నా తోరం నచ్చలేదు. "పోటీకి ముందు అది తీసెయ్" అంది. సరేనని తలూపి, తెంపడానికి మనసొప్పక, ఒంటిరంగు పట్టీ చుట్టి దాని మీద గ్లోవు వేసుకుంటున్నాను. నా గదిలో ఉండే కాకినాడ అమ్మాయి ఫిన్నీకి ఒక్కదానికే తెలుసు. తను రోజూ పడుకునే ముందు ప్రార్థన చేసుకుంటుంది. "నీ గంగమ్మకి కూడా ఒక మాట చెప్పాలే" అంటుంది.

యాక్సెల్ కుదరనప్పుడు ఒక చిట్కా కనిపెట్టాను. కళ్ళు మూసుకుని విజయవాడ రింకు గ్యాలరీలో నువ్వు కూర్చున్నట్టు ఊహించుకుంటాను. అక్కడ రోజూ అయ్యాక బయటికొస్తే, "మూడో చుట్టు తొందరపడ్డావు" అనో, "చేతులు ఇవాళ బాగా పెట్టావు" అనో సరిగ్గా చెప్పేదానివి. మాస్టారు కూడా అదే అనేవారు. ఏ చదువూ లేకుండా అంత బాగా ఎలా చూసేదానివి అత్తా?

నీ
సత్య

---

కంకిపాడు,
నవంబరు 9.

సత్యా,

తుపాను వచ్చి వెళ్ళింది. మీ నాన్న పడవ ముందే ఒడ్డుకి చేరింది, కంగారుపడకు. ఇక్కడ కోతకొచ్చిన వరి పడిపోయి పామర్రు నుంచి ఇటు పొలాలన్నీ నీళ్ళు నిలిచాయి. రైతులు దిగులుగా ఉన్నారు. చేపలు కొనేవాళ్ళు లేరు, తెచ్చేవాళ్ళూ లేరు. రెండు రోజులు బల్ల కట్టేసి ఇంట్లో కూర్చుంటే నా నోటికి పని లేక గోడలతో మాట్లాడాను.

నన్ను ఇంజినీర్ని చేశావట. బజారులో చెప్పాను. అప్పటినుంచి కూరగాయల రాజ్యలక్ష్మి "ఇంజినీరుగారూ, అర కిలో రొయ్యలివ్వండి" అంటోంది. చెల్లుబాటు అవుతున్నంతకాలం కానీ.

నేను ఎలా చూసేదాన్నని అడిగావు. ఏదో చూసేదాన్నిలే. పాతవి తవ్వుకుంటూ కూర్చోకు. డిసెంబరు మీద ధ్యాస పెట్టు. తుంటికి ఆముదం కాచి రాయి.

ముగ్గురిలో ఉంటావు. నా మాటగా రాసిపెట్టుకో.

అత్త

---

డెహ్రాడూన్,
డిసెంబరు 24.

అత్తా,

నాలుగో స్థానం వచ్చింది. ఫిన్నీకి మూడోది.

దూకుడు సరిగ్గా పడలేదు. అంతే, ఇంకేం లేదు. ఫిన్నీ నాకంటే ఎక్కువ ఏడ్చింది. జనవరి ఆఖరుదాకా హాస్టల్లో ఉండనిస్తారు. ఆ తర్వాత వచ్చేస్తాను. ఇంటర్ పరీక్షలు రాసుకుని, నీ పక్కన బల్ల వేసుకుని కూర్చుంటాను. చేపలు కోయడం నాకు వచ్చు కదా.

నువ్వు బాధపడకు. నీ వల్లే నేను ఇక్కడిదాకా వచ్చాను.

సత్య

---

కంకిపాడు,
జనవరి 11.

సత్యా,

నువ్వు నాకు అబద్ధం రాశావు. ముందు దానికి తిట్టి తర్వాత మిగతాది రాస్తాను.

మంగళవారం జాన్‌బాబు మాస్టారు బల్ల దగ్గరికి వచ్చి, "రత్నమ్మా, పిల్ల పోటీ వీడియో దొరికింది, చూడండి" అన్నారు. నా చేతులనిండా పొలుసు. ఆయనే ఫోను పట్టుకుని చూపించారు. నువ్వు రాసిన దూకుడు చక్కగానే దిగావు. జనం చప్పట్లు కూడా కొట్టారు. చివర్లో గిరగిరా తిరుగుతూ చేతులు పైకెత్తావు చూడు, అప్పుడు నీ చేతి దగ్గర్నుంచి పచ్చగా ఏదో ఐసు మీద పడింది.

"అదేంటండీ పడింది?" అన్నాను.

మాస్టారు బల్ల మీద పీత ఒకటి తీసి, జీవితంలో పీతని చూడనట్టు అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

"దానిగ్గానీ మార్కులు పోతాయా ఏంటండీ?"

"ఒంటి మీదిది ఏదైనా ఐసు మీద పడితే ఒక మార్కు కోసేస్తారమ్మా. రూలు."

"పిల్లకి ఎంతలో పోయిందండీ?"

"అర మార్కు కూడా లేదమ్మా."

ఆ తర్వాత వంజరం అడిగినవాళ్ళకి చందువా ఇచ్చాను, చందువా అడిగినవాళ్ళకి చిల్లర ఇచ్చి పంపించేశాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది నేనే చేశాను. మేడమ్ తీసెయ్యమంది, నేను తీయొద్దన్నాను, నువ్వు నా మాట విన్నావు. విన్నందుకు నీ బతుకులో అంత పెద్ద మెట్టు పోయింది. పోయాక కూడా నన్నేమీ అనకుండా దూకుడు మీద పెట్టి రాశావు. పదిహేడేళ్ళ పిల్లవి, నీకెవరు నేర్పారే ఇది? తిడదామని కూర్చున్నాను, ఏడుపు వస్తోంది.

గంగమ్మ సంగతి కూడా ఆలోచించాను. దానంతట అది తెగి నీళ్ళలో పడాలన్నాను. ఐసు నీళ్ళు కాదా? తీసుకుంది తల్లి. కాకపోతే కూడా ఒక మార్కు తీసుకుంది. దాని గురించి ఆవిడతో నేను వేరే మాట్లాడతాను.

ఇప్పుడు నా అబద్ధం. నువ్వు చిన్న అబద్ధం రాశావు, నాది ఏడేళ్ళది.

నేను రింకు లోపల కూర్చుని నిన్ను ఎప్పుడూ చూడలేదు. మొదటి రోజు వచ్చాను. బజారు నుంచి అటే వచ్చానుగా, చీర మార్చుకోలేదు. గ్యాలరీలో నా పక్కనున్న ఒక తల్లి ముక్కుకి రుమాలు పెట్టుకుని రెండు కుర్చీలు అవతలికి వెళ్ళి కూర్చుంది. ఇంకొకామె కూడా లేచింది. వాళ్ళ పిల్లలు నీతోపాటే నేర్చుకుంటారు. చేపల వాసనావిడ పిల్ల అని నిన్ను అంటారేమోనని లేచి బయటికొచ్చేశాను. ఆ తర్వాత ఏడేళ్ళూ గేటు బయట సైకిళ్ళ స్టాండు దగ్గర అరుగు మీదే కూర్చున్నాను. పై వరుసలో స్తంభం వెనక కూర్చుంటానని నీకు చెబితే నమ్మావు. నువ్వు బయటికొచ్చే ముందు మాస్టారు వచ్చి "ఇవాళ మూడో చుట్టు తొందరపడిందమ్మా" అని చెప్పేవారు. అదే నీకు చెప్పేదాన్ని. ఫోనులో వీడియోలు చూపించేవారు, అవి చూశాను. నిజంగా నువ్వు తిరుగుతుంటే నా కళ్ళతో ఒక్కసారి కూడా చూడలేదు.

నువ్వు కళ్ళు మూసుకుని గ్యాలరీలో నన్ను ఊహించుకుంటున్నానని రాసినప్పటినుంచి ఇది నా గొంతులో ముల్లులా ఉంది. ఇప్పుడు చెప్పేశాను.

చేపలు కోయడానికి రావద్దు. నా పక్కన ఖాళీ లేదు.

అత్త

---

డెహ్రాడూన్,
జనవరి 25.

అత్తా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఫిన్నీకి కూడా బిగ్గరగా చదివి వినిపించాను. పీత దగ్గర ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత నవ్వలేదు.

తోరం సంగతి నీకు తెలియకూడదని మాస్టారికి ముందే ఫోను చేసి చెప్పాను. వీడియోలో అది నీ కంట పడుతుందని ఆయన అనుకుని ఉండరు. పాపం, ఆయనకి నేను చెప్పింది ఒకటి, నువ్వు చెప్పింది ఒకటి, ఏడేళ్ళుగా మనిద్దరి రహస్యాలూ మోస్తున్నారు. అందులో నీ తప్పేమీ లేదు అత్తా. తీసెయ్యమని మేడమ్ చెప్పింది నాకు, నీకు కాదు. పోటీ రోజు పట్టీ వదులుగా ఉందని కూడా నాకు తెలుసు. అయినా తెంపలేకపోయాను. దాన్ని చేతికి కట్టుకుని తిరుగుతుంటే నువ్వు నా పక్కనున్నట్టే ఉండేది. ఒక మార్కు పోయినందుకు మొదటి రెండు రోజులు ఏడ్చాను. మూడో రోజు నుంచి, అంతకుముందు ఆరు నెలలూ ఆ ధైర్యంతోనే గడిచిందని ఒప్పుకున్నాను.

అరుగు సంగతి చదివాక కోపం వచ్చింది. ఆ రుమాలావిడ మీద. నీ మీద కూడా. ఎవరో లేచి వెళ్ళారని నువ్వెందుకు లేచావు? ఏడేళ్ళు ఎండలో, వానలో, ఆ దోమల్లో కూర్చున్నావు. నేను బయటికొచ్చి నీ భుజానికి మొహం ఆనించేదాన్ని, ఇంటికొచ్చినట్టుండేది. నాకు తెలిసిన ఇల్లు ఆ వాసనే అత్తా.

ఇప్పుడు ఒక కబురు. మొదటి ముగ్గురిలో ఒకమ్మాయి మోకాలికి ఆపరేషన్ అయింది. ఆ ఒక్క స్థానానికి మార్చి 14న మళ్ళీ పోటీ పెడుతున్నారు. ఆరుగురం ఉన్నాం. అప్పటిదాకా పొద్దునపూట చిన్నపిల్లలకి స్కేటింగు నేర్పితే హాస్టల్లో ఉండనిస్తామన్నారు. సరేనన్నాను.

ఇదే ఆఖరు అవకాశం. ఇది పోతే వచ్చేస్తాను, నీ పక్కన ఖాళీ ఉన్నా లేకపోయినా. నువ్వు రావాలి. బజారు చీరతోనే రా. మాస్టారిని తోడు తెచ్చుకో. గ్యాలరీలో, ముందు వరుసలో, నా కళ్ళకి కనిపించేటట్టు కూర్చోవాలి.

నీ
సత్య

---

కంకిపాడు,
మార్చి 18.

సత్యా,

క్షేమంగా చేరాం. పేర్లు వచ్చే సోమవారం పెడతారని తెలిసీ ఆగకుండా వచ్చేసినందుకు ఏమీ అనుకోకు. పెళ్ళికి రొయ్యలు ఒప్పుకున్నాను, మాట పోతుంది.

రైల్లో రెండు రాత్రులు మాస్టారు కూర్చునే నిద్రపోయారు. నాకు నిద్ర పట్టలేదు. కళ్ళముందు నువ్వే తిరుగుతున్నావు. ముప్పై ఏళ్ళు ఐసులో చేతులు పెట్టిన దాన్ని, మీ రింకులో గంటకే వణికిపోయాను. పక్కనున్న పంజాబీ ఆవిడ తన గ్లోవులు తీసి నాకు తొడిగింది. ఏం మాట్లాడిందో తెలియదు, నేనేం చెప్పానో ఆవిడకి తెలియదు, ఇద్దరం గంటసేపు కబుర్లు చెప్పుకున్నాం.

నువ్వు మొదటి దూకుడుకి పడ్డప్పుడు ఎడమ మోచెయ్యి ముందు తగిలింది, ఆ తర్వాత తుంటి. జారుకుంటూ గోడ దాకా వెళ్ళావు. తల మీది పిన్ను వంకరైంది, జారి పడుతుందేమోనని నా ప్రాణం పోయింది. పడలేదు. వెంటనే లేచావు. ఆ తర్వాత అన్నీ అద్భుతంగా చేశావు. ఆ పెద్ద దూకుడు మరీ బాగుంది. ఎత్తు బాగా వచ్చింది, దిగడం నిలకడగా ఉంది. ఒక్కటి కూడా వదలకుండా చూశాను.

నన్ను అంత దూరం రప్పించావు. నా జన్మకి ఇది చాలు. పేరు ఉన్నా లేకపోయినా చాలు.

అత్త

---

డెహ్రాడూన్,
మార్చి 29.

అత్తా,

నాన్న ఈపాటికి బజారంతా చాటే ఉంటారు. అయినా నా చేత్తో రాస్తే నువ్వు బల్ల దగ్గర పెట్టుకుని అందరికీ చూపిస్తావని రాస్తున్నాను. ఆరుగురిలో నాదే మొదటి పేరు. క్యాంపులో నేనూ ఉన్నాను. ఫిన్నీ మంచం మీదికెక్కి గెంతి ఒక పట్టె విరగ్గొట్టింది.

మేడమ్ ఒకే మాట అంది. "పడ్డాక లేచిన తీరు చూసి నిన్ను తీసుకోవాలనుకున్నాను" అని. అది నేనెక్కడ నేర్చుకున్నానో ఆవిడకి నా హిందీలో చెప్పబోయాను, సగం కూడా చెప్పలేకపోయాను. తడి గచ్చు, నీ కేకలు, అరుగు, ఇవన్నీ హిందీలో రావు. నీకు తెలుగులో చెబుతున్నాను. నాకు వచ్చినదంతా నువ్వు కూర్చున్నందువల్లే వచ్చింది. లోపల కూర్చున్నావా బయట కూర్చున్నావా అని నేనిప్పుడు చూడటం లేదు.

ఇంక నీ ఉత్తరం సంగతి. మళ్ళీ అబద్ధం రాశావు.

పడి లేచి నీ వైపు చూశాను. పంజాబీ ఆవిడ గ్లోవులు రెండూ తొడుక్కుని, కొంగు మొహం నిండా కప్పుకుని, తల వంచుకుని కూర్చున్నావు. స్పిన్ చేస్తూ చూశాను, కొంగు అలాగే ఉంది. యాక్సెల్‌కి వెళ్ళే ముందు చూశాను, మాస్టారు నీ భుజం తట్టి చెబుతున్నారు, నువ్వు ఇంకా గట్టిగా కప్పుకున్నావు. నేను దిగి, జనమంతా చప్పట్లు కొట్టాక అప్పుడు తీశావు. పడడం గురించి మోచేతి నుంచి పిన్ను దాకా రాశావు, అది నువ్వు చూసిందే. "ఎత్తు బాగా వచ్చింది, దిగడం నిలకడగా ఉంది" అన్నవి మాస్టారి మాటలు. ఏడేళ్ళు విన్నాను, నాకు తెలియదా?

రైల్లో రెండు రాత్రులు ప్రయాణం చేసి వచ్చి కళ్ళు మూసుకున్నావు. నేనైతే మూసుకోలేదు అత్తా. ఆ దూకుడుకి లేస్తూ ముందు వరుసలో కొంగు కప్పుకున్న నిన్ను చూస్తూనే లేచాను. చూడకపోయినా ఉన్నావు. పదిసార్లలో రెండుసార్లు వచ్చేది ఆ రోజు వచ్చింది.

డిసెంబరులో మళ్ళీ జాతీయ పోటీలు. పెళ్ళిళ్ళకి రొయ్యలు ఒప్పుకోకు. రైలు టికెట్టు నేనే పంపిస్తాను, మాస్టారికి కూడా. నా యాక్సెల్ నువ్వింకా చూడలేదు.

నీ
సత్య